కొత్త భాష వస్తే పాత బండికి పరుగు వస్తుందా?

లోకంలో ఏ కొత్త వస్తువు వచ్చినా దానికి ముందుగా ఒక దండోరా వస్తుంది. వస్తువు మంచిదే కావచ్చు. కాని అది ఎందుకు మంచిదో చెప్పవలసి వచ్చేసరికి దండోరా వేసేవాడు తనకు తోచిన కారణం చెబుతాడు. వేపపుల్ల పళ్ళకు మంచిదని మనకందరికీ తెలుసు. దాన్ని అమ్మేవాడు "ఇది నమిలితే సంగీతం వస్తుందండీ" అన్నాడనుకోండి. సంగీతం రానివాడు నెల తిరక్కుండా వేపపుల్లను తిట్టి పారేస్తాడు. పాపం, అందులో వేపపుల్ల చేసిన నేరం ఏమున్నది?

కంప్యూటర్లకు పని చెప్పడానికి వాడే భాషల్లో రస్ట్ అని ఒకటున్నది. దాని విషయంలో నాకు ఈ వేపపుల్ల సంగతే గుర్తుకు వస్తూ ఉంటుంది. "ఈ కొత్త భాషలో తిరగరాశారు కనకనే ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు రెండింతల వేగం వచ్చింది" అనే మాట 2017 నుంచీ చలామణీలో ఉన్నది. నిజంగా భాష మారితే వేగం వస్తుందా? వస్తే ఎంత వస్తుంది? రాకపోతే మరి ఆ భాష ఎందుకు?

"తెలుగు పాఠం చెప్పుకునే మీకు యంత్రాల గొడవ ఎందుకండీ?" అని పాఠకులు అడగవచ్చు. దానికి రెండు కారణాలు. మొదటిది, భాష అనే మాట ఎక్కడ వినబడ్డా మా బోటివాళ్ళకు చెవులు నిక్కుతాయి. రెండోది, నా క్లాసులో కూచునే పిల్లలు. వాళ్ళలో చాలామంది పల్లెటూళ్ళ నుంచి వస్తారు. చేతిలో చవకరకం ఫోను. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకూ, పరీక్ష ఫీజుకూ, హాల్ టికెట్టుకూ, ఫలితాలకూ, చివరికి బాంకు ఖాతాకూ వాళ్ళకున్నది ఆ చిన్న కిటికీ ఒక్కటే. అది నత్తనడక నడిస్తే నష్టపోయేది వాళ్ళు. దానికి కన్నం పడితే దోపిడీ అయ్యేదీ వాళ్ళే. ఇది చాలదన్నట్టు, కొత్త భాష ఒకటి పేరుకెక్కగానే "ఇది నేర్చుకుంటే జీవితం స్థిరపడుతుంది" అని ఫీజులు వసూలు చేసే శిక్షణాలయాలు బోలెడు. ఆ ఫీజు తెచ్చేది ఎక్కడో అప్పు చేసిన తండ్రి. అంచేత ఈ దండోరాలో ఎంత పాలు నిజమో తూచి చూడడం పనికిమాలిన పని కాదనుకుంటున్నాను.

ఈ విద్యలో నాకు గురువు మా మేనల్లుడు. హైదరాబాదులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తున్నాడు. పండగలకు వచ్చినప్పుడు వాడు చెప్పగా విన్నదీ, వాడు చూపించిన వ్యాసాలు చదివి నేను తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ మనవి చేస్తున్నాను.

బ్రౌజరు చేసే పని

బ్రౌజరు పని అచ్చాఫీసు పని లాంటిది. మీ చేతిలో ఉన్న ఈ పత్రిక పేజీనే చూడండి. రచయిత దగ్గరనుంచి రాతప్రతి వస్తుంది. ఏది శీర్షిక, ఏది పేరా అని అందులో గుర్తులుంటాయి. శీర్షికకు ఏ సైజు అక్షరం, బొమ్మ పక్కన ఎంత ఖాళీ అనే నిర్ణయాలు వేరే కాగితం మీద ఉంటాయి. ఆ రెండూ దగ్గర పెట్టుకుని ప్రతి ముక్కకూ ఏ అలంకారమో తేల్చాలి. తరవాత ఏ ముక్క పేజీలో ఎక్కడ కూచుంటుందో కొలిచి అమర్చాలి. ఆ పైన అచ్చు వెయ్యాలి.

బ్రౌజరు ఈ పనులన్నీ ఒక్క సెకనులోపల చెయ్యాలి. ముందు ఎక్కడో దూరాన ఉన్న యంత్రం నుంచి పేజీని తెప్పించుకోవాలి. అది బొమ్మగా రాదు, ఆజ్ఞలుగా వస్తుంది. వాటిని చదవడం, అలంకారం తేల్చడం, అమర్చడం, తెర మీద గీయడం వరసగా జరగాలి. దీనికి తోడు పేజీతోపాటు వచ్చే జావాస్క్రిప్టు ప్రోగ్రాములను ఆడించాలి. మీరు ఎక్కడ నొక్కితే ఏం జరగాలో చెప్పేవి అవే. "వేగం" అని ఒక్క మాటలో అంటున్నామే గాని, అది ఇన్ని పనుల మొత్తం. ఈ సంగతి గుర్తుంచుకుంటే సగం చిక్కు విడిపోయినట్టే.

ఒక లిఫ్టు కథ

రస్ట్ భాష పుట్టుక చిత్రంగా ఉంటుంది. 2006లో కెనడాలోని వాంకూవర్ నగరంలో గ్రేడన్ హోర్ అనే ఇంజనీరు ఇంటికి వచ్చేసరికి మేడ లిఫ్టు ఆగిపోయి ఉన్నది. అందులోని ప్రోగ్రాము దెబ్బతిన్నది. ఆయన ఉండేది 21వ అంతస్తులో. కాళ్ళు పీకేలా మెట్లెక్కుతూ, లిఫ్టును ఆడించే ప్రోగ్రాము కూడా పడిపోకుండా రాయలేకపోతున్నామే అని విసుక్కుని, కొత్త భాషకు శ్రీకారం చుట్టాడు. ఆయన అప్పట్లో ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థలో ఉద్యోగి. 2009లో ఆ సంస్థ దీనికి అండగా నిలిచింది. 2015 మే 15న మొదటి స్థిరమైన రూపం విడుదలైంది. రస్ట్ అంటే ఇనుముకు పట్టే తుప్పు అనుకుంటాం గాని, ఆయన మనసులో ఉన్నది మొక్కలకు పట్టే తుప్పు తెగులు. మన వేరుశనగ రైతులకు ఆ తెగులు బాగా పరిచయమే. ఎంత మందు కొట్టినా బతికి బట్టకట్టే జాతి!

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఆ లిఫ్టు నెమ్మదిగా నడిచిందని కాదు ఆయన బాధ, ఆగిపోయిందని. అంటే ఈ భాష పుట్టుకకు కారణం వేగం కాదు, భద్రత. 2016 ఆగస్టులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 48లో రస్ట్‌తో రాసిన భాగం మొట్టమొదటిసారిగా జనంలోకి వచ్చింది. అది వీడియో ఫైలు తలకట్టు చదివే చిన్న భాగం. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు పంపిన ఫైలును తెరిచేటప్పుడే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ భాగాన్ని ఎంచుకున్నారు. వేగం కోసమని అప్పుడూ కాదు.

యంత్రానికి అన్నీ ఒకటే

మరి భాష మారితే వేగం ఎందుకు మారాలి? ఈ ప్రశ్నే మా వాణ్ణి అడిగాను.

"ఏరా, మీరు ఏ భాషలో రాసినా చివరికి యంత్రానికి అర్థమయ్యేది దాని సొంత సంకేతాలే గదా?"

"అవును మామయ్యా. మనం రాసినదాన్ని కంపైలరు అనే ప్రోగ్రాము యంత్రసంకేతాల్లోకి మారుస్తుంది. ఇంకో సంగతి చెబుతాను, వినండి. ఫైర్‌ఫాక్స్‌లో పాతభాగాలు సి ప్లస్ ప్లస్ అనే భాషలో ఉన్నాయి. కొత్తభాగాలు రస్ట్‌లో ఉన్నాయి. ఇవాళ ఈ రెంటికీ చివరిదశలో సంకేతాలు తయారుచేసి ఇచ్చేది ఎల్.ఎల్.వి.ఎం. అనే ఒకే సాధనం."

"అంటే ఇద్దరు పెళ్ళికొడుకులకూ దర్జీ ఒకడేనన్నమాట!"

"అంతే. పైగా రస్ట్ ఒకచోట అదనంగా పని చేస్తుంది. వరసలో పది గదులుంటే పదకొండో గది తలుపు తట్టనివ్వదు. తట్టబోతున్నారా అని తనిఖీ చేస్తుంది. ఆ తనిఖీకి కొంత వ్యవధి పడుతుంది. అనవసరమైనచోట దాన్ని కంపైలరే తీసేస్తుంది గనక ఖర్చు సాధారణంగా స్వల్పం. కాని ఖర్చు ఖర్చే."

అదీ సంగతి! సి ప్లస్ ప్లస్ 1985లో బజారుకు వచ్చిన భాష. ముసలిదైపోయిందని అందరూ అంటారు. కాని అది మొదటినుంచీ యంత్రానికి దగ్గరగా ఉండి, పరుగు కోసమే తీర్చిదిద్దుకున్న భాష. దాన్ని పరుగులో ఓడించడానికి ఇంకో భాషకు మిగిలిన చోటు బహు తక్కువ. దీనికి క్రోమ్ సాక్ష్యం. 2008 సెప్టెంబరులో గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరు వచ్చినప్పుడు వేగమే దాని ప్రధాన ఆకర్షణ. జావాస్క్రిప్టును ఆడించే దాని వి8 యంత్రాంగం సి ప్లస్ ప్లస్‌లో రాసిందే. జావాస్క్రిప్టును అప్పటికప్పుడు నేరుగా యంత్రసంకేతాల్లోకి మార్చే ఉపాయం పట్టారు కాబట్టి దానికి పరుగు వచ్చింది. పాత భాష, కొత్త ఉపాయం!

ఇంకొక సాక్ష్యం ఫైర్‌ఫాక్స్ ఇంట్లోనే ఉన్నది. 2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 64 వచ్చినప్పుడు మాక్, లినక్స్ యంత్రాల మీద వేగం పెరిగిందని ప్రకటించారు. కంపైలరు చేత మొత్తం ప్రోగ్రామును ఒక్కసారిగా చూపించి సంకేతాలను సానబట్టించడమే దానికి కారణం. దానికోసం భాషేమీ మార్చలేదు.

2017లో ఏం జరిగింది?

అయితే ఆ "రెండింతల వేగం" కట్టుకథా? కాదు. 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. దానికి క్వాంటమ్ అని పేరు పెట్టారు. కొన్ని నెలల కిందటి ఫైర్‌ఫాక్స్ కన్న రెండింతల వేగమని మొజిల్లా వారు చెప్పుకున్నారు. వాడినవాళ్ళకు తేడా తెలిసింది కూడాను. చిక్కంతా ఆ వేగాన్ని ఎవరి ఖాతాలో జమ కట్టాలన్న దగ్గర వస్తుంది.

ఆ కొలత తీసింది స్పీడోమీటర్ అనే పరీక్షతో. అందులో చెయ్యవలసిన పనుల జాబితా ఒకటి ఉంటుంది. పద్దులు చేర్చడం, టిక్కు పెట్టడం, కొట్టెయ్యడం వంటి పనులు గబగబా చేయించి ఎంతసేపు పట్టిందో చూస్తారు. అందులో జావాస్క్రిప్టు పాలు చాలా ఎక్కువ. ఫైర్‌ఫాక్స్‌లో జావాస్క్రిప్టును ఆడించే యంత్రాంగమో, సి ప్లస్ ప్లస్‌లో రాసిన పాతకాపు! క్వాంటమ్‌లో రస్ట్‌తో రాసిన పెద్ద భాగం అలంకారం తేల్చే భాగం ఒక్కటే. దానికి స్టైలో అని ముద్దుపేరు.

మరి తక్కిన వేగం ఎక్కడిది? ఆ ఏడు జూన్‌లోనే ఫైర్‌ఫాక్స్ 54తో పేజీలను నాలుగు వేర్వేరు ప్రక్రియలకు పంచిపెట్టే ఏర్పాటు వచ్చింది. ఒక పేజీ మొరాయిస్తే అన్నీ నిలిచిపోయే అవస్థ దానితో తగ్గింది. ఎక్కడెక్కడ బ్రౌజరు తడబడుతున్నదో వెతికి, ఒక్కొక్కచోటా చిన్నచిన్న మరమ్మతులు చేసే పని నెలల తరబడి సాగింది. బ్రౌజరు పేగుల్లోదాకా చేతులు పెట్టే పాతకాలపు అనుబంధాలను 57తో పూర్తిగా మానిపించారు. వీటిలో దేనికీ కొత్త భాషతో నిమిత్తం లేదు. ఊరంతా కలిసి చెరువు పూడిక తీస్తే, చివరి తట్ట మోసినవాడి మెడలో దండ వేసినట్టయింది.

పెళ్ళివంట లెక్క

ఒక్క భాగాన్ని పదునుపెడితే మొత్తం ఎంత మారుతుందన్నదానికి 1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక సూత్రం చెప్పాడు. దాన్ని మన వంటింట్లో పెట్టి చూద్దాం.

వంటవాడు ఒక్కడే ఒక పనయ్యాక ఒకటి చేస్తూ వంట పూర్తి చెయ్యడానికి 100 నిమిషాలు పడుతుందనుకోండి. అందులో కూరలు తరగడానికి 20 నిమిషాలు. తరగడానికి నలుగుర్ని కూచోబెట్టారు. 20 కాస్తా 5 అయింది. తరిగేవాళ్ళు "మా పని నాలుగింతల వేగంగా అయింది" అంటారు. నిజమే. కాని భోజనానికి కూచున్న పెళ్ళివారికి తెలిసే తేడా ఎంత? 100 నిమిషాలు 85 అయినాయి. తరగడానికి నలుగురు కాదు, నాలుగు వందల మందిని దింపినా 80 నిమిషాల కన్న తగ్గదు. పొయ్యి మీద అన్నం ఉడకాలి గదా!

ఇవి నేను లెక్క కోసం వేసిన అంకెలే. కాని బ్రౌజరులోనూ జరిగేది ఇదే. అలంకారం తేల్చే భాగం నాలుగింతలు చురుకైతే ఆ భాగం వాళ్ళు గర్వపడవచ్చు. పాఠకుడు చూసేది మొత్తం పేజీ ఎప్పుడు వచ్చిందని మట్టుకే.

మరి భాష చేసిన మేలేమీ లేదా?

ఇక్కడితో ఆపితే నేను అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. తరగడానికి నలుగుర్ని కూచోబెట్టాం అన్నాను గదా, అదంత సులువు కాదు. ఇవాళ ఫోనులో కూడా లెక్కలు చేసే బుర్రలు నాలుగో, ఎనిమిదో ఉంటాయి. అన్నిటికీ పని పంచడం ఎట్లా అన్నదే ప్రశ్న.

మా కాలేజీలో మార్కుల రిజిస్టరు ఉన్నదనుకోండి. ఒకాయన అందులో మార్కు దిద్దుతూ ఉండగానే ఇంకొకాయన అదే గడిలో నుంచి మొత్తం కూడుతుంటాడు. 65ను 75 చేస్తూ 6 కొట్టేసిన క్షణంలో ఈయన చూశాడు. కుర్రవాడికి 5 మార్కులే పడ్డాయి! రోజూ జరగదు. ఎప్పుడో నూటికో కోటికో జరుగుతుంది. జరిగినప్పుడు ఎందుకు జరిగిందో కనిపెట్టడం బ్రహ్మతరం కాదు. కంప్యూటరులో నలుగురు ఒకేసారి పని చేస్తే వచ్చే ముప్పు సరిగ్గా ఇదే.

మొజిల్లా వారు అలంకారం తేల్చే పనిని నలుగురికి పంచాలని అంతకు ముందు సి ప్లస్ ప్లస్‌లో రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నారు. వాళ్ళ శాన్ ఫ్రాన్సిస్కో ఆఫీసు గోడ మీద, తిరనాళ్ళలో రంగులరాట్నం దగ్గర పిల్లల పొడుగు కొలిచే గుర్తులాంటిది ఒకటి ఉండేదట. అంత పొడుగున్నవాడే ఇలాంటి ప్రోగ్రాము రాయడానికి అర్హుడని దాని తాత్పర్యం. ఆ గుర్తు పెట్టింది ఏ మనిషీ అందుకోలేనంత ఎత్తున!

రస్ట్ ఏం చేసిందంటే, రిజిస్టరుకు ఒక నియమం పెట్టింది. ఎందరైనా ఒకేసారి చదువుకోవచ్చు, కాని అప్పుడెవరూ దిద్దకూడదు. దిద్దేవాడు ఒక్కడే ఉండాలి, వాడు దిద్దుతున్నంతసేపూ ఇంకెవరూ చూడకూడదు. ఇది మర్యాద కోసం చెప్పిన మాట కాదు. ఈ నియమం తప్పేట్టుగా రాస్తే ఆ ప్రోగ్రామును కంపైలరు అసలు అంగీకరించదు. చిన్నయసూరిగారి బాలవ్యాకరణం చేతబట్టుకుని, ఒక్క సంధి తప్పినా పద్యం పుచ్చుకోని పంతులు లాంటిదన్నమాట. పిల్లలు మొదట్లో ఏడుస్తారు. రాయగా రాయగా తప్పు చెయ్యడం మరచిపోతారు.

ఈ పంతులు కాపలా ఉన్నాడన్న ధైర్యంతో మొజిల్లా వారు మూడోసారి పని పంచారు. ఈసారి నిలిచింది. అయితే స్టైలోలో ఉన్న ఉపాయాలన్నీ రస్ట్ ఇంటివి కావు. ఒకే రకం ముక్కలకు ఒకసారి తేల్చిన అలంకారాన్ని మళ్ళీ వాడుకునే పద్ధతి క్రోమ్, సఫారీల్లో అంతకు ముందునుంచే ఉన్నది. నియమాలను చెట్టులా పేర్చుకునే పద్ధతి పాత ఫైర్‌ఫాక్స్‌దే. ఆ రెండూ సి ప్లస్ ప్లస్‌లో ఎదిగినవే.

"అయితే భాష వేగం ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అన్నాను మా వాడితో.

"వేగం ఇచ్చింది పని పంచుకోవడం, మామయ్యా. పంచుకోవడానికి ధైర్యం ఇచ్చింది భాష" అన్నాడు. వాడు నాకన్న చిన్నవాడైనా ఈ మాట మాత్రం పెద్దమనిషి మాట.

అసలు లాభం

వేగం సంగతి అట్లా ఉంచి, దండోరావాళ్ళు చిన్నగొంతుతో చెప్పేసిన లాభం ఒకటున్నది. నా దృష్టిలో అదే అసలు లాభం.

సత్రంలో ఒకడు గది ఖాళీ చేసి వెళ్ళాడు. తాళంచెవి మట్టుకు తిరిగి ఇవ్వలేదు. గుమాస్తా చూసుకోలేదు. ఆ గదిలోకి వేరే కుటుంబం నగలతో దిగింది. పాత తాళంచెవి ఉన్నవాడు అర్ధరాత్రి వచ్చి తలుపు తీస్తే? కంప్యూటరు మెమొరీలో ఇటువంటివి జరుగుతుంటాయి. సి ప్లస్ ప్లస్‌లో తాళంచెవులన్నీ లెక్కగా వెనక్కి తీసుకోవలసిన బాధ్యత రాసేవాడిది. ఎంత ఘటికుడైనా లక్షల పంక్తుల్లో ఎక్కడో ఒకచోట మరచిపోతాడు. దొంగ పేజీ ఒకటి తెరిస్తే చాలు, ఆ మరపు గుండా పరాయివాడు మీ ఫోనులోకి దిగవచ్చు. రస్ట్‌లో గది ఖాళీ అయినాక తాళంచెవి చేతిలో ఉండడానికి కంపైలరు ఒప్పుకోదు.

ఇది మాటవరసకు చెప్పేది కాదు. 2019లో మొజిల్లా వారు తమ పాత పద్దులు తిరగేసి చూసుకున్నారు. ఫైర్‌ఫాక్స్ అలంకార భాగంలో అప్పటిదాకా బయటపడ్డ భద్రతాలోపాలు 69. మొదటినుంచీ రస్ట్‌లో రాసి ఉంటే వాటిలో 51 వచ్చేవే కాదని తేల్చారు. క్రోమ్ వెనక ఉన్న ఇంజనీర్లు 2020లో ఇంకో లెక్క చెప్పారు: తమకు ఎదురైన తీవ్రమైన భద్రతాలోపాల్లో నూటికి సుమారు 70 ఈ మెమొరీ జాతివే. వాళ్ళు 2023 జనవరిలో తమ బ్రౌజరులోకి రస్ట్‌ను రానిస్తామని ప్రకటించారు. కారణాలు రెండు చెప్పారు: భద్రత, రాసేవాళ్ళ పని త్వరగా తెమలడం. పేజీలు పరుగెత్తుతాయని చెప్పలేదు. ఇక ఆండ్రాయిడ్ సంగతి. నా విద్యార్థుల చవక ఫోన్లన్నీ ఆ జాతివే. అందులో బయటపడే భద్రతాలోపాల్లో మెమొరీ జాతివి 2019లో నూటికి 76 ఉండేవి. కొత్తగా రాసేదాన్ని రస్ట్ వంటి భద్రమైన భాషల్లో రాస్తూ వచ్చాక 2024 నాటికి అవి 24కు దిగాయి. వేగం గురించి ఎన్ని మాటలు చెప్పినా ఈ ఒక్క లెక్కకు సాటి రావు.

పంతులు పట్టుకోలేని తప్పులు

అట్లా అని ఈ భాషలో రాసినదల్లా నిర్దోషమని కూడా అనుకోరాదు. ఆ 69లో 51 పోను ఇంకా 18 మిగిలాయి. వ్యాకరణం తెలిసిన పంతులు సంధి తప్పు పడతాడు గాని, అర్థం తప్పు పట్టలేడు. వ్యాకరణం ఏమాత్రం తప్పకుండా "సూర్యుడు పడమట ఉదయించును" అని రాయవచ్చు.

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమొకటి ప్రపంచవార్త అయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా" అనే అక్షరం నడుమ కంటికి కనబడని గుర్తొకటి ఇరికించి పంపితే, దాన్ని చూపించబోయిన ఐఫోను ప్రోగ్రాములు కుప్పకూలేవి. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అటువంటి కూర్పులు బయటపడ్డాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ వారు ఐ.ఓ.ఎస్. 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. అది బ్రౌజరు తప్పు కాదు, ఫోనులో అక్షరాలు అమర్చే భాగం తప్పు. కాని బ్రౌజర్లలోనూ ఇటువంటి భాగం ఉండి తీరాలి. వత్తులు, గుణింతాలు కలిసి ఒక అక్షరం ఎట్లా అవుతుందో తెలియకుండా రాసేవాడికి ఏ భాష ఇచ్చినా "జ్ఞానం" సరిగా అమరదు. రస్ట్‌లో రాసిన ప్రోగ్రాము కూడా లేని గది తలుపు తట్టబోతే ఆగిపోతుంది. దొంగను రానివ్వదు, అంతవరకూ మేలు. పని మట్టుకు ఆగినట్టే.

మా రంగంలోనూ ఇదే అనుభవం. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం పోరాడింది చదువు పదిమందికీ అందాలని. అది అందింది. కాని వాడుకభాషలో రాసినంతమాత్రాన ప్రతి కథా మంచి కథ కాలేదన్నది పత్రికలు చదివే మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

తిరగరాయడం ఊరికే జరగదు. రస్ట్‌తో బ్రౌజరు లోపలి యంత్రాంగం మొత్తాన్ని కొత్తగా కట్టాలని మొజిల్లా 2012లో సర్వో అనే ప్రయత్నం మొదలుపెట్టింది. స్టైలో అందులోనుంచి వచ్చిన ఫలమే. కాని క్వాంటమ్ వచ్చాక కూడా ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళ పాలు తగ్గుతూనే వచ్చింది. 2020 ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మంది ఉద్యోగులను తీసివేసింది. సర్వో బృందం వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ నవంబరులో సర్వో లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరి ప్రాణం నిలుపుకున్నది. రస్ట్‌కు 2021 ఫిబ్రవరిలో సొంత ఫౌండేషన్ ఏర్పడింది. భాష బతికింది, పెరిగింది. దానికోసం చెమటోడ్చినవాళ్ళలో కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వేగం ఒక్కటే జనాన్ని తెస్తుందన్న ఆశ నిజమై ఉంటే ఇట్లా జరిగేది కాదు.

పిల్లలకు చెప్పే మాట

మా విద్యార్థులు "సార్, మా ఫోనులో పేజీ ఎందుకింత ఆలస్యంగా వస్తుంది?" అని అడుగుతారు. నేను చెప్పేదేమంటే, బ్రౌజరు ఏ భాషలో రాశారన్నది ఆ జాబితాలో ఎక్కడో అడుగున ఉంటుంది. పేజీ తయారుచేసినవాడు అందులో కుక్కిన పెద్దపెద్ద బొమ్మలు, వాటంతటవే ఆడే వీడియోలు, ప్రకటనలు, మీరు ఎక్కడ నొక్కుతున్నారో కనిపెట్టే ప్రోగ్రాములు ముందు ఉంటాయి. ఊళ్ళో అందే సిగ్నలు బలం ఆ తరవాత. బండి ఎద్దులను మార్చి లాభమేమిటి, బస్తాలు దించకుండా? నాలుగు గడులు నింపే దరఖాస్తుకు నాలుగు పుటల అలంకారం ఎందుకని అడగవలసింది ఆ పేజీ తయారుచేసినవాళ్ళను.

ఇకమీదట ఎవరైనా "కొత్త భాషలో రాశాం, వేగం పెరిగింది" అంటే మూడు ప్రశ్నలు అడగమని మా పిల్లలకు చెబుతున్నాను. ఏ భాగం వేగం పెరిగింది? ఏ పరీక్షతో కొలిచారు? అదే రోజున భాషతోపాటు ఇంకేమేమి మార్చారు? మూడింటికీ తిన్నగా జవాబు చెప్పినవాడి మాట వినవచ్చు. మొదటి ప్రశ్నకే నీళ్ళు నమిలేవాడికి ఫీజు కట్టేముందు ఒక రాత్రి ఆలోచించాలి.

రస్ట్ నేర్చుకోవద్దని నేననను. ఓపిక ఉన్న కుర్రవాడు నేర్చుకోవలసిన భాషే. మెమొరీని ఎట్లా కాపాడాలో, పని నలుగురికి ఎట్లా పంచాలో అది చెవి మెలిపెట్టి నేర్పుతుంది. నేర్చుకున్నవాడు రేపు రాసే ప్రోగ్రాము వల్ల, ఏ మారుమూల పల్లెలోనో స్కాలర్‌షిప్పు డబ్బు కోసం ఫోను తెరిచిన పిల్ల ఖాతా దొంగల పాలు కాకుండా ఉంటుంది. ఆ పేజీ అర సెకను ఆలస్యంగా వచ్చినా ఆ పిల్ల నష్టపోదు. ఖాతా ఖాళీ అయితే మట్టుకు ఆ ఏడు చదువు ఆగిపోతుంది.